మెషీనుకి ముహూర్తం

మా మేడమ్ పోయారన్న కబురు కాలేజీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. ఐడీ కార్డు మీది ఫొటో కత్తిరించి పెట్టారు; ఆ కత్తిరింపులో ఒక చెవి పోయింది. కింద రెండు దీపాలు, ఒడియాలో రెండు ముక్కలు, ఆవిడ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో కాలేజీ పేరు, దాని కింద ఆ ఆఫీసు నుంచి ఏది వచ్చినా అడుగున ఉండే వరస: అడ్మిషన్లు జరుగుతున్నాయి.

ఏ ఎక్స్‌రే ఫిల్ము చేతికొచ్చినా ముందే బొమ్మ చూడొద్దనేవారు మేడమ్. ఇది ఎవరిది, ఎవరు తీశారు, ఎవరు తెచ్చిచ్చారు, అది తేల్చుకున్నాక బొమ్మ చూడమనేవారు. ఆ మెసేజీనీ అలాగే చూశాను. పంపింది ఆఫీసు. ఆఫీసుకీ ఆవిడకీ కొన్నాళ్లుగా పడటం లేదు. ఆవిణ్ణి పక్కకి తప్పించడానికి ఇదొక ఎత్తేమో అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే వెర్రిగా ఉంది గానీ ఆ నిమిషంలో అదే సబబుగా తోచింది. ఆవిడ నంబరుకే ఫోన్ చేశాను. ఆవిడ చెల్లెలు ఎత్తింది.

"పోనాదమ్మా," అంది. "మద్దినేల అన్నం తిని తొంగున్నాది. టీ ఎట్టి లేపితే లెగనేదు."

చికిటి నుంచి బరంపురం బస్సులో కూర్చున్నాక కూడా లోపల ఒక మూల ఒప్పుకోలేదు. గేట్ బజార్ వెనక సందులో, వాళ్ల గుమ్మం ముందు చెప్పుల కుప్ప చూశాకే నమ్మాను. అన్ని రకాల చెప్పులు. చేపలమ్మే వాళ్ల రబ్బరు చెప్పులు, మా క్లాసు వాళ్ల తెల్ల బూట్లు, ఎవరిదో డాక్టరుది కాబోలు పాలిష్ చేసిన తోలు జోడు.

ఆవిడ నేర్పింది ఎక్స్‌రే తీయడం. కాలేజీ పేరు రాయను. బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే రోడ్డు మీద ఒక ట్రస్టు నడిపే చిన్న కమ్యూనిటీ కాలేజీ అది. డిగ్రీ అయిపోయి, బి.ఎడ్. అంటే ఒళ్లు మండి, చికిటిలో ఊరికే ఉంటే నాన్న కిరాణా కొట్లో పొట్లాలు కట్టమంటాడని భయపడి అందులో చేరాను. చేరినప్పుడు కూడా నాకు అనుమానమే. చీకటి గదిలో బటన్ నొక్కడానికి అంతకాలం చదువేమిటి?

మేడమ్‌ది గోపాల్‌పూర్. వాళ్లమ్మ తెల్లారి బస్సులో గంప దించుకుని బరంపురం వీధుల్లో చేపలమ్మేది. ఆ గంప వెనకాల నడిచి పెరిగిన మనిషి కాబట్టి దేన్నీ పైకి చూసి నమ్మేవారు కాదు. "కన్ను కడిగితే మెరుస్తాది, మొప్ప ఎత్తి సూడు," అనేవారు. మెషీను గురించైనా, మనిషి గురించైనా, కూరగాయల బండి గురించైనా అదే మాట. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి కుటుంబంతో ఉండేవారు. ఒకసారి మా క్లాసులో ఎవరో ఎందుకు చేసుకోలేదని అడిగితే, "మొప్ప ఎత్తనిచ్చినోడు దొరకనేదు," అని చెప్పి పాఠంలో పడిపోయారు. మేం నవ్వితే మార్కులు తగ్గించారని నా అనుమానం.

ఆవిడ మొదటి పాఠం పేరు గురించి. మా పెద్దవాళ్లకి ఒక అలవాటుంది. ఒడియా ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఎవరు ఏం అడిగినా "హఁ" అనేస్తారు. కాదంటే వరసలోంచి తీసేస్తారేమోనని భయం. మేడమ్ నన్ను గది గుమ్మంలో నిలబెట్టి, ఎవరిదీ కాని పేరొకటి పిలవమన్నారు. పిలిచాను. బెంచీ మీంచి ముగ్గురు లేచారు. అందులో ఒకాయన మగవాడు, నేను పిలిచింది ఆడపేరు.

"సూసినావా? పేరు నువ్వు సెప్పకు, ఆల సేత సెప్పించు," అన్నారు మేడమ్.

రెండో పాఠం అత్తగార్ల గురించి. కొత్త కోడలికి కడుపునొప్పి అని తీసుకొస్తారు. కడుపుతో ఉన్నావా అని అడక్కుండా ఫిల్ము తీయకూడదు. అత్తగారి ముందు అడిగితే ఆ పిల్ల నిజం చెప్పదు. మేడమ్ అత్తగారి వైపు చూసి, బయట ఎవరో మీ చెప్పులు తొడుక్కుంటున్నారు చూడండి అనేవారు, గాభరాగా. ఆవిడ పరిగెత్తేది. వచ్చేలోగా అడగాల్సింది అడిగేసేవారు. ఏ అత్తగారూ తన చెప్పుల్ని వదులుకోలేదు. ఆ కిటుకు ఒక్కసారి కూడా తప్పడం నేను చూడలేదు.

ఇక జడ. ఇది నా ఇంటి సంగతి. మా చిన్నమ్మకి నడుము దాటిన జడ, నిండా నూనె. ఒక ఏడాది మా ఊరికి క్యాంపు బండి ఒకటి వచ్చి అందరికీ ఛాతీ ఎక్స్‌రేలు తీసింది. చిన్నమ్మ ఫిల్ములో పైభాగాన మచ్చ ఉందన్నారు. టీబీ అన్న మాట ఇంకా ఎవరూ అనకముందే ఇంట్లో ఆవిడకి వేరే గ్లాసు, వేరే కంచం వచ్చేశాయి. ఆవిడ చేత్తో తిని పెరిగిన పిల్లలు గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడేవారు. అప్పటికి నేను కోర్సులో చేరి కొద్ది కాలమే అయింది. ఆ ఫిల్ము పట్టుకెళ్లి మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ అలవాటు ప్రకారం ఎవరిది, ఎవరు తీశారు అని అడిగారు. చివర్న, "జడుందేటి ఈవిడికి?" అన్నారు.

డాక్టరు చేత రాయించి, చిన్నమ్మని పిలిపించి, జడని నడినెత్తిన చుట్టి ముడేసి, తన చేతి రబ్బరు బ్యాండు దానికి తొడిగి మళ్లీ తీయించారు. మచ్చ లేదు. భుజం మీదుగా ముందుకి పడిన నూనె జడ, లోపలి జబ్బులా కనపడిందన్న మాట. చిన్నమ్మ ఇంటికొచ్చి వేరే గ్లాసూ కంచం తీసుకెళ్లి పశువుల శాలలో పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, తర్వాత జరిగిందంతా దీన్ని బట్టే అర్థమవుతుంది.

మా బ్యాచ్ అయిపోయే సమయానికి కాలేజీని పెంచాలన్నారు. ట్రస్టు సెక్రటరీ బాబుకి గేట్ బజార్‌లో బట్టల హోల్‌సేల్ దుకాణం. ఒక్క బ్యాచ్ ఉన్న చోట మూడు పెడతామన్నాడు. ఆయన చెప్పిన కారణాల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పల్లెల్లో ఆరోగ్య కేంద్రాల్లో మెషీన్లు దుప్పట్లు కప్పుకుని పడి ఉన్నాయి, తీసేవాళ్లు లేరు. కాలు విరిగితే బస్సెక్కి బరంపురం రావాలి. ఈ మాటలన్నీ మేడమ్ ఎప్పట్నుంచో అంటున్నవే. అయినా ప్రతిపాదన వచ్చేసరికి ఆవిడ మొహం ముడుచుకుంది. ఉన్నది ఒక్క మెషీను. మూడు బ్యాచ్‌లంటే మూడో బ్యాచ్ పిల్ల మెషీను ముట్టుకోకుండానే సర్టిఫికెట్ పట్టుకుని ఏ చికిటిలోనో నిలబడుతుంది. ఆ పిల్ల ముందుకి మా చిన్నమ్మ లాంటి మనిషి జడేసుకుని వస్తుంది. రెండో మెషీను వస్తే గానీ తను ఒప్పుకోనన్నారు.

నేను ఆవిణ్ణి అనుమానించాను. కొత్త బ్యాచ్‌లు వస్తే నన్ను ట్యూటర్‌గా తీసుకుంటానని సెక్రటరీ బాబు చెప్పి ఉన్నాడు. ఇంత జిల్లాలో ఈ పని నేర్పేది తనొక్కతే అనిపించుకోవడం ఈవిడకి ఇష్టమేమో, ఇంకొకళ్లు రావడం నచ్చదేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు సిగ్గు లేదు. అలా అనుకోవడం నేర్పింది ఆవిడే.

అనుమతి ఇచ్చేవాళ్లు చూడటానికి వస్తున్నారన్న రోజుకి రెండో మెషీను వచ్చింది.

వెళ్లి చూస్తే కొత్త గదిలో తెల్లగా నిలబడి ఉంది. నిండా బంతిపూల దండలు. సింధూరం బొట్లు, పసుపు, ముందు అగరుబత్తీలు, గుమ్మానికి మామిడాకులు. వచ్చిన పెద్దమనుషులకి సెక్రటరీ బాబు చేతులు కట్టుకుని చెప్పాడు: పూజ అయిందండీ ఆగ్యాఁ, స్విచ్ వెయ్యడానికి ముహూర్తం వచ్చే గురువారం, అందాకా ముట్టుకోకూడదు.

మా వైపు సంగతి తెలిసినవాళ్లకి ఇది వింతగా ఉండదు. విశ్వకర్మ పూజ నాడు ఇక్కడ ఆటోవాడు ఆటో తీయడు, దర్జీ మిషను తొక్కడు. పూజలో ఉన్న యంత్రాన్ని నడిపి చూపించమని అడిగే మనిషి ఈ గంజాం జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఆ పెద్దమనుషులు బూట్లు విప్పారు. దండాలు పెట్టారు. ఒకాయన కింద రాలిన పువ్వొకటి తీసి కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.

నేను వెనకాల నిలబడి మెషీను కేబులు ఎటు పోతోందో చూస్తున్నాను. లావుపాటి నల్ల కేబులు తివాచీ కిందుగా వెళ్లి కర్టెన్ వెనక్కి మళ్లింది. కర్టెన్ వెనక గోడకి ప్లగ్గు లేదు. కేబులు కొన చక్కగా చుట్ట చుట్టి, పడుకున్న పాములా ఉంది. మేడమ్ వైపు చూశాను. ఆవిడ కాలి బొటనవేలు ఆ తివాచీ ఉబ్బు మీదే ఉంది. ఆవిడకి తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. ఇక చూసుకో, ఇప్పుడు అడిగేస్తారు, మొప్ప ఎత్తేస్తారు అనుకున్నాను.

ఆవిడ రెండు చేతులూ జోడించి మెషీనుకి దండం పెట్టారు. కళ్లు కూడా మూసుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఉండబట్టలేక అడిగాను. కేబులు చూశారా మేడమ్ అన్నాను. చూశానన్నారు. మరి దండమెందుకు పెట్టారన్నాను.

"దేముడన్నారు గదే. దేముడంటే దండమెట్టాల. ఎట్టేను."

దారి పొడుగునా సంచీలో వేరుశనక్కాయలు ఒలుచుకుని తిన్నారు, నాకూ పెట్టారు. నేను తినలేదు. తర్వాత రెండు రోజులకో ఏమో, జాకెట్టు ముక్క కోసం గేట్ బజార్ వెళ్తే మేడమ్ వాళ్ల సందు మొగలో సెక్రటరీ బాబు కారు ఆగి ఉంది. అయిపోయింది, ఈవిడా అంతే అనుకున్నాను. ఆ పూట జాకెట్టు ముక్క కొనకుండానే వచ్చేశాను. విశాఖపట్నంలో ఒక స్కాన్ సెంటర్‌కి పంపడానికి దరఖాస్తు రాసుకున్నాను.

ఆ వారంలోనే చికిటి నుంచి అమ్మ ఫోన్.

"మీ మేడమూ, ఆల సెల్లెలూ బస్సెక్కి వచ్చేరే. నాకు బొట్టెట్టేరు. గురువారం మెషీను ఎలిగిత్తారంట, తప్పకుండా రావాలన్నారు. మెషీనుకి బొట్టెట్టి పిలుపేటే? ఇదేటి ఇడ్డూరం?"

నాకూ విడ్డూరంగానే ఉంది. ప్లగ్గే లేని మెషీనుకి ఈవిడ పేరంటం పిలుస్తోందా? సెక్రటరీ బాబు తరఫున ప్రచారానికి దిగిందా? విచారిస్తే ఒక్క మా అమ్మనే కాదు. చేరబోయే పిల్లల ఇళ్లన్నిటికీ వెళ్లారు. గోపాల్‌పూర్‌లో పడవల వాళ్ల ఇళ్లకి వెళ్లారు. గేట్ బజార్‌లో కొట్టు కొట్టుకీ, ఇంటింటికీ వెళ్లారు. మేడమ్ పక్కన నిలబడి చెప్పేవారు, ముత్తయిదువ కాబట్టి చెల్లెలు కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టేది. ఆఖరికి సెక్రటరీ బాబు ఇంటికే వెళ్లి ఆయన భార్యకి కూడా బొట్టు పెట్టి మీ ఆయన శుభకార్యానికి మీరు తప్పక రావాలని పిలిచారట. ఆవిడ సంతోషించి ఇద్దరికీ పళ్లు ఇచ్చి పంపింది.

గురువారం నాడు కాలేజీ ఆవరణ పెళ్లిపందిరిలా ఉంది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. సెక్రటరీ బాబు గేటులో కారు దిగి, ఆ జనాన్ని చూసి, మళ్లీ కారెక్కబోయి ఆగాడు. కార్లో భార్య ఉంది. దిగాక తప్పనిసరై మైకు పట్టుకుని కరెంటు సరిగా లేదు, ఏదో సామాను ఇంకా కటక్ నుంచి రావాలి అని ఏమేమో చెప్పాడు. మేడమ్ లేచి నిలబడ్డారు. గొంతులో వెటకారం లేదు. నేను వెతికాను, లేదు.

"పరవానేదు బాబూ. మంచి పనికి ఆటంకాలు వస్తాయి. పంతులుగారు ఇక్కడే ఉన్నారు, ఇంకో ముహూర్తం అడుగుదుం."

పంతులుగారు పంచాంగంతో సహా ఉన్నారు. మరో గురువారం చెప్పారు. చెల్లెలు అక్కడికక్కడే భరిణె తీసి వరసలో నడుస్తూ అందరికీ మళ్లీ బొట్టు పెట్టింది.

ఇక చూడండి. బట్టల కొట్లో ఆయన బతుకు ఆడవాళ్లతోనే కదా. చీర బేరానికొచ్చిన ప్రతి మనిషీ ముందు, "మెషీను ఎలిగిందేటి బాబూ?" అని అడిగేది. గుడికెళ్తే ఆయన భార్యని అడిగేవాళ్లు. ఒకరోజు నేను ఆ దుకాణంలో ఉండగానే ఒక ముసలామె చీర మడత విప్పి అటూ ఇటూ తిప్పి, "ఇది కట్టుకునే సీరా, ముహూర్తం సీరా?" అంది. కొట్టంతా నవ్వింది. గల్లా దగ్గర సెక్రటరీ బాబూ నవ్వాడు గానీ, ఆ నవ్వు చూస్తే నాకే జాలేసింది.

అప్పుడు నాకు కొంచెం కొంచెంగా అర్థం కావడం మొదలైంది. పూర్తిగా నమ్మకం కుదరక వెళ్లి అడిగాను. ముందు నుంచీ ఇదే అనుకున్నారా మేడమ్, దండం పెట్టినప్పుడే? ఆవిడ చేట మీద బియ్యంలో మట్టిగడ్డలు ఏరుతున్నారు.

"నాకేటి తెలుసు? ఆయన ముహూర్తం అన్నాడు, నాను పిలిసేను."

మరి కారు? ఆ రోజు ఆయన కారు మీ సందులో ఎందుకుంది? అది అడగడానికి నోరు రాలేదు. ఆవిడే ఒకప్పుడు క్లాసులో, "అనుమానం వస్తే అడుగు, అడగడానికి సిగ్గైతే ఇంటికెల్లి వంట సేసుకో," అని తిట్టిన మనిషి. నేను ఇంటికెళ్లాను. వంట కూడా చేయలేదు.

ఆ రెండో గురువారం రాకముందే ఆవిడ అన్నం తిని పడుకుని లేవలేదు.

ఆ చెప్పుల కుప్ప దాటి లోపలికి వెళ్లేసరికి మేడమ్ నేల మీద చాప మీద ఉన్నారు. ఎప్పుడూ చూసే మొహమే. ఎవరో ఏదో చెప్తుంటే పూర్తిగా నమ్మకుండా వింటున్నట్టు కుడి కనుబొమ్మ కొద్దిగా పైకుంది. నేను ఏడవడానికి చోటు చూసుకునేలోపే సెక్రటరీ బాబు పెద్ద గులాబీల దండతో వచ్చాడు. దండ వేశాడు, కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడిసి ఉన్నాయి. నేను దగ్గర్నుంచి చూశాను. తర్వాత చెల్లెలి పక్కన కూర్చుని నెమ్మదిగా, ఇలాంటి సమయంలో ఆ గురువారం కార్యక్రమం బాగుండదమ్మా, మైల కదా, తర్వాత ఎప్పుడైనా చూద్దాం అన్నాడు.

గదిలో ఏడుపు తగ్గింది. బొట్టు పెట్టించుకున్న ఆడవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"మైల మాకు గాని మెషీనుకి నేదు గద బాబూ," అంది. "నాను రాను. ఈలంతా వొస్తారు. బొట్టెట్టించుకున్నారు మరి."

గోపాల్‌పూర్ నుంచి వచ్చిన ఒకామె వస్తామని తలూపింది. ఆ తర్వాత మరొకామె.

సెక్రటరీ బాబు లేచి అరుగు మీదకి వచ్చి నన్ను పిలిచాడు. మేడమ్ స్థానంలో ఇక నువ్వేనమ్మా అన్నాడు. చిన్న వయసు, ముందు బోలెడు భవిష్యత్తు, ఈ ఆడవాళ్లకి కొంచెం నచ్చజెప్పు, మెషీను ఇవాళ కాకపోతే రేపు రాదా అన్నాడు. కాలేజీని పెంచాలన్నది తనదీ మేడమ్‌దీ ఇద్దరి కలా అని కూడా అన్నాడు. అది అబద్ధం కాకపోవచ్చు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. విశాఖపట్నం దరఖాస్తు నా సంచీలోనే ఉంది.

"గురువారం మెషీను వెలిగితే ఆ మాట మళ్లీ అడగండి బాబూ," అన్నాను. ఆయన నా మొహంలో ఏదో వెతికాడు. మేడమ్ అయితే దొరకనిచ్చేవారు కాదు. నేనెంతవరకు దాచానో తెలీదు.

వెళ్లేముందు చెల్లెల్ని ఒక్క మాట అడిగాను, ఆ కారు గురించి. అప్పుడైనా అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది. ఆవిడ ఆలోచించి, "జీడిపప్పు పేకెట్టు తెచ్చేడమ్మా," అంది. "తిన్నాం. మంచిదే." ఏం మాట్లాడుకున్నారో తనకి తెలీదంది, పెరట్లో బట్టలు ఉతుకుతోందట. అంతకు మించి ఎవరి దగ్గరా దొరకలేదు. ఇప్పటికీ ఆ కొంచెం నా దగ్గర తేలకుండా ఉండిపోయింది.

గురువారానికి ముందే కాలేజీ దగ్గర లారీ ఆగిందని విన్నాను. లారీ అంటే ఏముంది, పూలకుండీలు కూడా లారీలోనే వస్తాయి. వెళ్లి చూశాను. తెల్ల మెషీను లేదు. దాని చోట కొంచెం పాతది, ఒక పక్క గీత మీద కొత్త రంగు పూసినది నిలబడి ఉంది. ఎక్కడో వాడి అమ్మిందే. కేబులు పట్టుకుని వంగి నడిచాను. తివాచీ లేదు. గోడ దాకా వెళ్లింది, గోడలోకి వెళ్లింది. అమర్చిన ఇంజనీరు పరీక్షలన్నీ చేసి, అనుమతి కాగితం గుమ్మం పక్కన అంటించాడు. రెండుసార్లు చదివి, అందులో ఉన్న నంబరూ మెషీను మీది నంబరూ ఒకటో కాదో కూడా చూశాను. ఇంజనీరుకి కోపం వచ్చింది. రానీ.

ఆడవాళ్లు వచ్చారు. ఈసారి పట్టుచీరలు లేవు, నేత చీరల్లో వచ్చారు. మా అమ్మ వచ్చింది, చిన్నమ్మ వచ్చింది. మేడమ్ చెల్లెలు కూడా వచ్చింది గానీ లోపలికి రాలేదు. మైల అని గేటు బయట, కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడింది.

స్విచ్ వేస్తే సరిపోతుందా? మెషీను వెలిగింది, లైటు పడింది. వీళ్లు ఒప్పుకోలేదు. లైటు టార్చికీ వెలుగుతాది, ఏదో ఒకటి తీసి చూపించమన్నారు. నా మోకాలు తియ్యమ్మా అని ఒకామె, నా నడుము అని ఇంకొకామె. డాక్టరు రాయకుండా మనిషిని తీయకూడదని చెప్పి నోరు నొప్పెట్టింది. మా అమ్మ పూజ బుట్టలోంచి ఇంకా కొట్టని కొబ్బరికాయ తీసి, "దీనికి డాక్టరు సీటీ అక్కర్నేదు గదా," అంది.

దాన్ని బల్ల మీద పెట్టి దొర్లకుండా ఇసక సంచీ ఆనించాను. అందర్నీ గోడ అవతలికి పంపి, తలుపు మూసి, అద్దం వెనక నిలబడి బటన్ నొక్కాను. తెర మీదకి నెమ్మదిగా వచ్చింది. నలుపు మధ్యలో తెల్లని వలయం, దాని లోపల ఇంకొకటి, చిప్పా కొబ్బరీ. వాటి నడుమ గుండ్రంగా, పల్చగా, పొగలాంటిది ఒకటి.

తలుపు తీయగానే తోసుకొచ్చారు. "పువ్వు," అంది చిన్నమ్మ. కొబ్బరికాయలో పువ్వు పడితే శుభమంటారు కదా, గదంతా అదే మాట. కాదు, కొబ్బరి ఒక పక్క మందంగా ఉంది అని ఇంకొకామె. సెక్రటరీ బాబు తెరకి దండం పెట్టి, పువ్వే అన్నాడు. ఆయన అన్నాడు కాబట్టి నాకు ఇంకా అనుమానం వచ్చింది. నిజానికి ఆ నీడని చూసి ఏమని చెప్పాలో నాకు తెలియలేదు, తెలియదనే చెప్పాను. ఆయన వాళ్లందరి ముందే, ఇప్పుడు అడుగుతున్నానమ్మా అన్నాడు. ఈ బ్యాచ్ వరకు నేర్పుతానన్నాను. ఆ తర్వాతి మాట ఇవ్వలేదు.

కొట్టి చూస్తే తేలిపోతుంది కదా అన్నారెవరో. ఎవరికీ చేతులు రాలేదు. మా అమ్మ కాయ పట్టుకుని గేటు బయటికి నడిచింది, వెనకాల మేమంతా. మేడమ్ చెల్లెలు రెండు అడుగులు వెనక్కి వేసి, నాకియ్యకండి, మైల అంది. "ఇంకా దేముడికి కొట్టనేదు, ఉత్త కాయే," అని అమ్మ దాన్ని ఆవిడ చేతుల్లో పెట్టేసింది.

ఆవిడ కాయని చెవి దగ్గర పెట్టుకుంది. బొండాల బండివాడు కత్తి ఆపాడు. రోడ్డు మీద గోపాల్‌పూర్ బస్సు వెళ్లిపోయేదాకా ఆగి, కళ్లు మూసుకుని, నీళ్ల చప్పుడు కోసం ఒకసారి ఊపింది. మేమంతా ఆవిడ మొహమే చూస్తున్నాం. ఆవిడ కాయని రెండో చెవికి మార్చుకుని, ఇంకోసారి ఊపింది.